ఫోను మందతో పోయింది

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాస్తే వచ్చే ఆదివారం నా ముఖం చూడరు కాబట్టి రాయను. ప్రభుత్వం ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక ఆరోగ్య ఖాతా, దానికో నంబరు ఇస్తోంది కదా. మన రోగాలు, పరీక్షలు, వాడిన మందులు అన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. ఆ నంబరు బైబిల్లో చెప్పిన అంత్యదినాల ముద్ర అని, అది వేయించుకున్నవాళ్ళు దేవుణ్ణి విడిచినట్టేనని ఆయన నమ్మకం. ప్రార్థన కూడికలో ఒకసారి ఆ మాట అన్నాక మా స్త్రీల సమాజంలో సగం మంది నంబరు తీసుకోకుండా ఆగిపోయారు. ఆదివారపు బడిలో జీవితమంతా వాక్యం నేర్పినదాన్ని, అది ముద్ర కాదని నేను అన్నాను.

"నువ్వు ఎక్కడైనా చూసి వచ్చావా అమ్మా?" అన్నారాయన.

చూడలేదు. నా చెల్లెలు సుగుణ దేవరకొండ దగ్గర ఒక పల్లె దవాఖానలో నర్సు. "మా దగ్గర డాక్టరమ్మ తెరలో కూర్చుని వైద్యం చేస్తుంది, వచ్చి చూడక్కా" అని రెండేళ్ళుగా పిలుస్తోంది. చూసి వస్తానని పెద్దాయనతో చెప్పి, ఫిబ్రవరి చివర్లో గుంటూరులో రైలెక్కాను. వెళ్ళని మీ కోసం ఇది రాస్తున్నాను.

నల్లగొండ నుంచి దేవరకొండ

మా వైపు కంటికి అడ్డం తగలాలంటే కొబ్బరిచెట్టో కాలువగట్టో ఉండాలి. నల్లగొండ దాటాక బస్సు కిటికీలో అడ్డం తగిలేవన్నీ రాళ్ళే. ఏనుగంత రాయి మీద ఇల్లంత రాయి, దాని మీద కుక్కపిల్లంత రాయి, ఎవరో పేర్చి పెట్టినట్టు. సృష్టికర్త నాలుగు రోజులు ఆగి చేసిన పని అనిపించింది. పక్క సీటులో ఒక బత్తాయి తోట రైతు కూర్చున్నాడు. నేను నోరెళ్ళబెట్టి చూడటం చూసి ఒక కాయ ఒలిచి ఇచ్చాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"తెనాలి దగ్గర."

"నీళ్ళ దేశం. మాకు గా రాళ్ళే పంట," అన్నాడు. బత్తాయి తియ్యగా ఉంది. రాళ్ళ మీద ఇంత తీపి ఎట్లా వచ్చిందని అడిగితే, "బోరు ఎయ్యాలె, దేవునికి మొక్కాలె. రెండు జేస్తే ఒకటన్న పారుతది," అన్నాడు. ఏ దేవుడని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దేవరకొండలో దిగేసరికి ఎండ దిగుతోంది. కోట ఉన్న కొండలు ఊరి చుట్టూ కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాయి. సుగుణ జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు చేసింది. పుంటికూర అంటే మన గోంగూరే. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న నా చెల్లెలు గోంగూర అన్న మాటే మర్చిపోయింది. రొట్టె నోట్లో ఆడటం లేదని నేను నీళ్ళు తాగుతుంటే, "అక్కా, రొట్టెను పప్పుల నానబెట్టి తినాలె, ఇడ్లీ లెక్క మింగొద్దు," అని మందలించింది.

ఆదివారం ఇక్కడి సంఘంలో ఆరాధించాను. మా దగ్గర పాటకు హార్మోనియం, ఇక్కడ డప్పు. సాక్ష్యాల సమయంలో ఒక ముసలామె లేచి, "తెరల డాక్టరమ్మను పంపినందుకు దేవునికి స్తోత్రం, నా బీపీ దిగింది," అంది. మా పెద్దాయన ఆ మాట విని ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

తెర ముందు దువ్వెన

సోమవారం పొద్దున్నే సుగుణతో పల్లె దవాఖానకు వెళ్ళాను. రెండు గదుల భవనం, ముందు వేపచెట్టు, నీడలో చెప్పుల వరస. లోపల గోడకు ఒక తెర. జిల్లా దవాఖానలో కూర్చున్న పెద్ద డాక్టరమ్మ అందులో కనిపిస్తుంది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. సుగుణ ఖాతా తెరిచి పాత రక్తపరీక్షలు చూపిస్తుంది, ఆమె మందు రాస్తుంది, ఇక్కడే ఇస్తారు. ఊళ్ళో వాళ్ళు పట్నానికి తిరిగే తిప్పలు తప్పాయి.

నాకు నచ్చింది ఆ తెర ముందు జనం తీరు. ఒక తాత తన వంతు రాగానే జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఇంకొకామె సొరకాయ తెచ్చి తెర కింద పెట్టి, "డాక్టరమ్మకు అందియ్యిరి," అంది. తెరలో డాక్టరమ్మ నవ్వి, "నర్సమ్మ తింటే నాకు అందినట్టే," అంది. ఆ మధ్యాహ్నం మేము ఆ సొరకాయే తిన్నాం.

పదకొండు దాటాక ఒక ముసలమ్మ తన కోడలిని భుజం ఆసరా ఇచ్చి తీసుకొచ్చింది. ముసలమ్మ పేరు బాలవ్వ, కోడలు యాదమ్మ. గొర్రెల కాపరుల కుటుంబం. యాదమ్మకు నలభై దాటి ఉంటాయి. చాలా ఏళ్ళుగా షుగర్. కుడి కాలికి చుట్టిన గుడ్డ విప్పగానే గదిలో వాసన మారింది. బొటనవేలు నల్లబడింది, వాపు మడమ దాకా ఎక్కింది. జ్వరంతో ఆమె పెదవులు ఎండిపోయాయి.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "పుండు లోపలికి పాకుతోంది. గట్టి మందు సూది రూపంలో వెంటనే మొదలుపెట్టాలి. లేకపోతే కాలు దక్కదు. ఇంతకు ముందు ఏదైనా సూది పడకపోవడం ఉందా తల్లీ?"

"ఉంది డాక్టరమ్మా," అంది యాదమ్మ. "పోయినేడు మందతోని పోయినప్పుడు జరమొస్తే కల్వకుర్తి కాడ సూదేసిన్రు. ఏసుడే ఆలిశెం, మొకమంత ఉబ్బింది. ఊపిరాడలే. సచ్చి బతికిన."

"ఏం సూది అది?"

యాదమ్మ ఆలోచించింది. "తెల్లగ ఉండె."

"చీటీ ఉందా?"

ఈసారి బాలవ్వ జవాబిచ్చింది. "ఉండె. సూరుల చెక్కిన. మేకపిల్ల ఎక్కి తిన్నది."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ పుండుకు పనికొచ్చేవి నా చేతిలో రెండు మందులు. అందులో ఒకటి అప్పుడు ప్రాణం తీయబోయినదే కావచ్చు. ఏదో తెలియకుండా నేను రాయలేను. ఖాతా తెరవండి నర్సమ్మా, ఆ దవాఖానవాళ్ళు అందులో ఎక్కించి ఉంటారు."

ఖాతా తెరవాలంటే, దానికి ఇచ్చిన ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది, ఆ అంకెలు చెప్పాలి. యాదమ్మ ఖాతాకు ఇచ్చింది మొగుడి నంబరు. మొగుడు కొమురయ్య మందతో వలస పోయాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది మందతోనే పోతుంది. లారీ గుద్దినా, దొంగలు పడినా, గొర్రెకు రోగం వచ్చినా పిలవడానికి ఫోను అక్కడ ఉండాలి, వాళ్ళ ఆస్తంతా ఉన్నచోట. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకు ఏం కావాల్సి వస్తుంది? ఆ వాడలో గొర్రెలున్న ఇళ్ళన్నిటి తీరూ ఇంతేనని సుగుణ చెప్పింది. ఆడవాళ్ళ రోగాలన్నీ దవాఖానలో ఉంటాయి, వాటి తాళంచెవులన్నీ అడవిలో తిరుగుతుంటాయి.

సుగుణ కొమురయ్యకు ఫోను చేసింది. ఎత్తాడు. మేమంతా వినేలా స్పీకరు పెట్టింది.

"కొమురన్నా, నేను దవాఖాన నర్సును. నీ ఫోనుకు ఇప్పుడు నంబరొచ్చింది, జర చెప్పు."

"ఓహో, మళ్ళ మొదలువెట్టిన్రా!" అంది అవతలి గొంతు. "పోయినసారి బ్యాంకు మేడమన్నవ్, గీసారి నర్సమ్మవైనవా? ఒక పొట్టేలు పైసలు తిన్నది సాలలేదా?"

"నీ భార్య ఇక్కడే..." అని సుగుణ అనేలోపు ఫోను కట్టయింది. యాదమ్మ చేతికిచ్చి మళ్ళీ చేయిస్తే స్విచాఫ్. మళ్ళీ చేస్తే మళ్ళీ స్విచాఫ్. పోయిన ఏడు ఎవరో ఫోనులో నంబరు అడిగి అతని డబ్బు కాజేశారు. అప్పటినుంచి తెలియని నంబరు వస్తే ఫోను ఆపేసి, మర్నాటిదాకా తెరవడట. పక్కింటివాళ్ళ ఫోనుకు ఆదివారం ఆదివారం చేస్తాడు. నిన్ననే చేశాడు.

"ఆదివారం దాక ఈ కాలు ఆగదు," అంది డాక్టరమ్మ.

అప్పటిదాకా గట్టిగా ఉన్న యాదమ్మ ఏడ్చింది. "పక్కూరి సాయమ్మకు మోకాలు దాక తీసిన్రు నర్సమ్మా. కాలు లేకుంటే మందెనుక నేనెట్ల నడుస్త?"

బాలవ్వ కొంగు నడుముకు దోపుకుంది. "నేను పోత. ఫోనుల నమ్మకపోతే నా మొకం జూసి నమ్ముతడు."

"నీకు ఫోను నొక్కరాదు గదా అవ్వా," అంది సుగుణ. యాదమ్మను అంబులెన్సులో దేవరకొండ దవాఖానకు చేర్చి, ఫోను తెరలో డాక్టరమ్మకు చూపిస్తూ పక్కన ఉండాల్సింది సుగుణే. మిగిలింది నేను. "చూడటానికే కదా వచ్చాను, నేను వెళ్తాను," అన్నాను. ఆ మాట నా నోట నేను అన్నది కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

డిండి దాటి

సోమవారం ఇక అటు బస్సు లేదు, తెల్లారి చేసినా కొమురయ్య ఫోను స్విచాఫే. మంగళవారం పొద్దున బస్సులో కండక్టరమ్మ బాలవ్వ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టింది. ఇక్కడ ఆడవాళ్ళకు బస్సు ఉచితం. నా కార్డు చూసి, "మీది ఆంధ్రా కార్డమ్మా, పైసలియ్యాలె," అంది. బాలవ్వకు ఇది ఎంతో నచ్చింది.

"నువ్వు పైసల మనిషివి పంతులమ్మా, నేను సర్కారు మనిషిని," అని దారంతా పక్కవాళ్ళకు చెప్పి నవ్వించింది.

డిండి ప్రాజెక్టు నీళ్ళు చూడగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. అవి వెనక్కి పోగానే మళ్ళీ రాళ్ళు, మోదుగచెట్లు. అచ్చంపేట దారిలో ఒక టీ కొట్టు దగ్గర దిగాం. కొమురయ్య ఆదివారం ఫోనులో చెప్పిన ఆనవాలు అంతవరకే. బాలవ్వ టీ కొట్టతన్ని అడిగింది.

"ఎర్రరంగు మంద, ఎడమ పిర్ర మీద బొట్టు. ఏడున్నది బిడ్డా?"

"గా మందనా! దానికోసం మా ఊర్ల కొట్టుకుంటున్నరు," అన్నాడతను. పల్లికాయ పీకేసిన చేలలో రాత్రి మంద పడుకుంటే ఆ పెంట, మూత్రం భూమికి బలం. అందుకని రైతులు కాపరులకు వడ్లో పైసలో ఇచ్చి మందను తమ చేలో కట్టించుకుంటారు. మా డెల్టాలో యూరియా బస్తా కోసం వరస కడతారు, ఇక్కడ గొర్రెల కోసం. నిన్న రాత్రి ఎవరి వంతో, ఈ రాత్రి ఎవరి వంతో టీ కొట్టతనికి నోటికే ఉంది. గుట్ట దాటి రెండు ఊళ్ళ అవతల అన్నాడు. టీ పది రూపాయలు, బాలవ్వ దగ్గర తీసుకోలేదు, నా దగ్గర తీసుకున్నాడు.

ఆటో కొంతదూరమే వచ్చింది. తర్వాత నడక. గట్టు మీద తుమ్మముల్లు నా చెప్పును దాటి అరికాలికి దిగింది, పట్టీ కూడా తెగింది. బాలవ్వ ముల్లు తీసి, తన కొంగు అంచు చింపి పట్టీకి కట్టింది. సద్ది విప్పి గట్క, పచ్చిపులుసు పెట్టింది. గట్క అంటే జొన్నరవ్వ సంకటి. ఆకలి మీద ఉన్నానేమో, రొట్టె కంటే సులువుగా దిగింది.

నడుస్తూ, గొర్రెల మాట వచ్చింది కదా అని, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని వదిలి వెళ్ళిన కాపరి సంగతి చెప్పాను. ఆ సంగతి పిల్లలకు చెప్పిన ప్రతిసారీ నా కళ్ళు చెమరుస్తాయి. బాలవ్వ ఆగిపోయింది.

"తొంభై తొమ్మిదిటికాడ ఎవలున్నరు?"

"ఎవరూ లేరు అవ్వా, వదిలి వెళ్ళాడు."

"గట్లెట్ల ఇడుస్తడు? తోడేలొస్తే? ఆయన ఇంట్ల మనుషులు లేరా?"

"ప్రేమ అంత గొప్పదని దాని అర్థం."

"ప్రేముంటే ఇంకొకలను నిలవెట్టి పోవాలె," అని ముందుకు నడిచింది. ఇన్నేళ్ళలో ఏ పిల్లవాడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. కాపరి చేసింది గొప్పదే. కానీ ఆ తొంభై తొమ్మిది పక్కన ఎవరో నిలబడి ఉండాలని నాకు అప్పటినుంచి అనిపిస్తోంది.

మంద

ముందు దుమ్ము కనిపించింది, తర్వాత వాసన, తర్వాత మంద. వందల గొర్రెలు ఒకే ఒంటిలా కదులుతున్నాయి. నేను భక్తితో దగ్గరికి వెళ్ళాను. ఒక పొట్టేలు వచ్చి నా తొడ మీద గుద్దింది. కింద కూర్చుండిపోయాను. అవతల గొంగడి కప్పుకున్న మనిషి ఒకడు కర్రతో పరుగెత్తుకొచ్చాడు, కానీ నా కోసం కాదు. తల్లిని చూసి అతని ముఖం తెల్లబోయింది.

"అమ్మా! ఎవలు సచ్చిన్రే?"

"నీ ఫోను సచ్చింది!" అంది బాలవ్వ. "ఎన్నిసార్లు జేసిన్రురా? నీ పెండ్లాం కాలు కుళ్ళుతాంది, నువ్వు ఫోను బందువెట్టుకొని గొర్లు కాస్తున్నవా?"

జరిగింది చెప్పాను. కొమురయ్య కూలబడి విన్నాడు. నిన్న వచ్చిన ఫోను దొంగలదనే అనుకున్నాడు. గొంగడి మడతలోంచి ఫోను తీసి తెరిచాడు. చిన్న బటన్ల ఫోను, దారంతో మెడకు కట్టి ఉంది. ఆ చేలో సిగ్నలు లేదు. తోటి కాపరిని మంద దగ్గర ఉంచి ముగ్గురం పక్క గుట్ట ఎక్కాం. సగం ఎక్కేసరికి నా ఫోనుకు, పైకి చేరేసరికి అతని ఫోనుకు సిగ్నలు అందింది.

గుట్ట మీద

సుగుణకు చేశాను. దేవరకొండ దవాఖానలో యాదమ్మ మంచం పక్కనే ఉంది. జ్వరం పెరిగిందట. డాక్టరమ్మ ఇంకో ఫోనులో సిద్ధంగా ఉంది. "అక్కా, పంపుతున్నా, చూడు," అంది. కొమురయ్య ఫోను టుంగుమంది.

"చదువు తమ్ముడూ," అన్నాను.

అతను ఫోను గుండెకు హత్తుకున్నాడు. "మీరు మంచోళ్ళే అక్కా. మా అమ్మ ఎంబడి వచ్చిన్రు. గాని గా అవతల ఉన్నది ఎవలో నాకెట్ల ఎరుక? మా అమ్మను సుత నమ్మిచ్చి పంపొచ్చు గదా."

బాలవ్వ చెయ్యి ఎత్తింది. నేను ఆపాను. నాకు కోపం రాలేదు. ఒకసారి మోసపోయినవాడు, నంబరు ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు చెప్పిన మాట అక్షరాలా పాటిస్తున్నాడు.

"నీ భార్యతో మాట్లాడతావా?" అన్నాను.

ఫోను యాదమ్మకు అందింది. నాలుక తడారి, గొంతు పీలగా వచ్చింది. "ఓ... గా నంబరు చెప్పరాదు."

కొమురయ్య నా వైపు అనుమానంగా చూశాడు. "యాది గొంతు గిట్లుండది." ఫోనులోకి వంగాడు. "నువ్వు యాదివే అయితే చెప్పు. మన ముందు గొర్రె పేరేంది?"

మందను నడిపించే పెద్ద గొర్రెను ముందు గొర్రె అంటారు. జ్వరం ఎటు పోయిందో గానీ, ఫోను పగిలేలా వచ్చింది ఆ గొంతు.

"నా కాలు పోతాంటే నీకు గొర్రె పేరు గావాల్నా? రాజవ్వ! దాని చెవు ఎట్ల తెగిందో సుత చెప్పాల్నా? నువ్వు కల్లు తాగి పన్న నాడు కుక్క గొరికింది! ఇంక ఏం గావాలె?"

"యాదినే," అన్నాడు కొమురయ్య. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాలవ్వ, "కల్లు తాగినవా? నాతోని తోడేలని చెప్పినవ్," అంది.

కానీ ఈలోగా మొదటి నంబరుకు గడువు దాటిపోయింది. సుగుణ మళ్ళీ పంపింది. అది రావడానికి ఆలస్యమైంది. గాలికి సిగ్నలు వచ్చి పోతోంది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను. పక్కన బాలవ్వ, "బీరప్పా, మల్లన్నా, మీకు యాటనిస్త," అని పొట్టేలును మొక్కుకుంటోంది. నా ప్రార్థనకు అది అడ్డం అనిపించలేదు. ఇద్దరం అడుగుతున్నది ఒక్క కాలునే.

ఫోను టుంగుమంది. కొమురయ్య ఒక్కో అంకెనూ భార్యకే చెప్పాడు. మధ్యలో, "ఇన్నవా? మళ్ళ జెప్పు," అని ఆమెతో పలికించాడు. ఆమె సుగుణకు చెప్పింది. చివరికి సుగుణ గొంతు. ఖాతా తెరుచుకుంది. ఆమె ఒక మందు పేరు చదవడం, అవతల డాక్టరమ్మ మళ్ళీ చదవమనడం నాకు వినపడ్డాయి. పేరు నాకు పలకదు. డాక్టరమ్మ అన్న తర్వాతి మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

"నిన్న నేను ముందుగా రాద్దామనుకున్నది అదే."

రెండో మందు మొదలుపెట్టమని ఆమె చెప్పింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రాళ్ళ మీదే, గట్టిగా స్తోత్రం చెల్లించాను. కొమురయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఎర్ర బొట్టు

కిందికి దిగాక గొర్రెల పిర్రల మీద ఎర్రరంగు చూసి, అదెందుకని అడిగాను. "రెండు మందలు కలిస్తే ఏది ఎవలదో తెల్వద్దా?" అన్నాడు కొమురయ్య. "మంద తప్పిన గొర్రెను గా బొట్టు చూసే తోలుకొచ్చి ఇస్తరు. బొట్టు లేని గొర్రెను ఎవలన్న కోసుకుంటరు."

తిరిగొచ్చాక ఈ మాటలను మా స్త్రీల సమాజంలో చెప్పాను. మనం ఆరాధించే దేవుణ్ణి మార్చమనేది ముద్ర. ఈ నంబరు ఎవరినీ ఆరాధించమని అడగదు. ఈమె ఫలానా, ఈమెకు ఫలానా సూది వెయ్యొద్దు అని చెప్పేందుకే అది ఉంది. యాదమ్మకు ఆ నంబరు లేకపోతే డాక్టరమ్మ ఏ మందు రాసి ఉండేదో మీరే ఆలోచించండి అన్నాను. ఆ వారం చాలామంది నంబరు తీసుకున్నారు, తమ తమ ఫోన్ల మీదే తీసుకున్నారు, అల్లుళ్ళ ఫోన్ల మీద కాదు. పెద్దాయనకూ చెబితే, ఆయన అంతా విని, "ఆ గొర్రె పేరు ఏమన్నావు?" అని మాత్రం అడిగారు. ఆయన నోట అంత మాట రావడమే ఎక్కువ.

మంద దగ్గర ఇంకో సంగతి జరిగింది. కొమురయ్య భార్య దగ్గరికి వెళ్ళాలి. తోటి కాపరి ఒక్కడివల్ల అంత మంద ఆగదు. కొమురయ్య ఏమీ అనకముందే బాలవ్వ అతని కర్ర లాక్కుంది, గొంగడి లాక్కుంది.

"నువ్వు పో. దాని కాడ కూసో."

"నీ మోకాళ్ళు అమ్మా..."

"నా మోకాళ్ళు నీకంటె ముందుగాల మందెనుక తిరిగినయ్. పోరా."

బిగ్గరగా అరిచి, చేతిలో కర్ర తిప్పింది. తెగిన చెవి గొర్రె తలెత్తి ఆమె వైపు నడిచింది, మంద దాని వెనక కదిలింది.

దేవరకొండ దవాఖాన

రెండు రోజులకు వాపు దిగింది. బొటనవేలు తీయక తప్పలేదు. కాలు దక్కింది. నేను వెళ్ళిన ప్రతిసారీ యాదమ్మ దుప్పటి తొలగించి కాలు చూసుకుంటూనే ఉంది. "నాలుగేళ్ళు సాలవా నడువనీకె?" అని నన్నే అడిగేది. నాలుగు వేళ్ళు అని ఆమె అర్థం. వార్డులో పక్క మంచం మీద ఉన్నావిడకు ఈ మాట కంఠస్థమైపోయింది.

కొమురయ్య మంచం కిందే పడుకున్నాడు. వార్డు గురించి అతనికి చాలా అభిప్రాయాలు ఉన్నాయి. అన్నం మెత్తగా వండుతున్నారనీ, ఫ్యాను ఊరికే తిరుగుతోందనీ, మనుషుల్ని ఇంత దగ్గర దగ్గరగా గొర్రెల్ని కూడా కట్టరనీ.

నేను ఊరికి బయలుదేరే రోజున వెళ్ళేసరికి అతను కూడా మంద దగ్గరికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు. సుగుణ అతనికి నచ్చజెబుతోంది. "రోజూ కట్టు మార్చాలె, డాక్టరమ్మ తెరల చూడాలె. చూసినప్పుడల్ల నంబరొస్తది. ప్రతిసారి నేను గుట్టకు మనుషుల్ని పంపాల్నా?"

రోడ్డు మీద మంద దాటేటప్పుడు లారీలున్నాయి, తోడేళ్ళున్నాయి, చీకట్లో గొర్రెల్ని లారీలకు ఎక్కించుకుపోయే దొంగలున్నారు, అక్కడ వయసు మళ్ళిన తల్లి ఉంది. అవన్నీ కొమురయ్య ముఖంలో ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. మెడలోని దారం తల మీదుగా తీశాడు. ఫోనును భార్య మెడలో వేశాడు. చార్జరు తలగడ కింద పెట్టాడు.

"జర పైలం," అని జాగ్రత్త చెప్పాడు. కాలికి అన్నాడో ఫోనుకు అన్నాడో తెలియదు. చేతులు ఊపుకుంటూ బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఉత్త చేతులతో అతను నడవడం వింతగా ఉందని యాదమ్మ కిటికీలోంచి చూస్తూ అంది.

అతను మలుపు తిరిగాక ఆమె ఫోనును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బటన్లు నొక్కడం సుగుణ నేర్పింది. ముందు అంకెలు, తర్వాత పచ్చ బటను. యాదమ్మ రెండుసార్లు నేర్చుకుని, మూడోసారికి వేలు గాల్లోనే ఆపేసింది.

"మస్తు అల్కగనే ఉన్నది అక్కా," అంది నాతో. "గాని ఎవలకు జెయ్యాలె? నేను మాట్లాడే మనిషి ఒక్కడే. ఆయన తాన ఫోను లేదాయె."